బెల్టు పట్టుకున్న చెయ్యి

మధ్యాహ్నం రెండూ పది. మూడింటికి వ్యాన్ వస్తుంది.

ఈ రెండు అంకెలే బుర్రలో పెట్టుకుని గుమస్తా ఆస్పత్రి కింది అంతస్తులో దుప్పట్ల గది తలుపు తోశాడు. వ్యాన్ ఎక్కిందంటే పిల్ల రాజరక్షణ చట్టం కిందికి పోతుంది. ఆ చట్టం కింద తొంభై రోజులు ప్లీడరు ఉండడు, తల్లి ఉండదు, ఎక్కడ పెట్టారని అడిగే హక్కు కూడా ఉండదు. తొంభయ్యో రోజున ఇంకో తొంభై. అలా పోయి తిరిగొచ్చినవాళ్ళు గుమస్తాకి తెలిసి ఇద్దరే. ఆ ఇద్దరూ ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడరు.

గది చుట్టూ ఇనప అరలు, అరల నిండా కొత్త దుప్పట్లు. రాజుగారు కొత్త వార్డు తెరవడానికి వస్తున్నారని కొన్నవి. రోగులకి మాత్రం ఇంకా ఒక్కటీ ఇవ్వలేదు. పదేళ్ళుగా కారుతున్న పైకప్పు పది రోజుల్లో ఆగింది. అదే రోగం ముదిరి మనిషి చచ్చిపోతున్నాడంటే మాత్రం ఇక్కడ ఏదీ పది రోజుల్లో కాదు.

అరల మధ్య కుర్చీలో గుమస్తా అక్క కూతురు కూర్చుంది. ఫొటోగ్రాఫరు. ఏ పత్రికలోనూ జీతం లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళకి తీసిపెడుతుంది. మనిషి పొట్టి కావడంతో గుంపుల్లో ఎక్కడికెళ్ళినా మడత నిచ్చెనొకటి చంకన పెట్టుకుని పోతుంది. అందుకే తోటివాళ్ళు దాన్ని నిచ్చెన అంటారు. ఇంట్లో పిలిచే పేరు తల్లి తప్ప అందరూ మర్చిపోయారు.

"మావయ్యా, అమ్మ..."

"మీ అమ్మ గేటు బయట నిలబడి ఉంది. నిలబడే ఉంటుందది, దాని సంగతి నాకొదిలెయ్. ముందు నువ్వు చెప్పు. ఏడవకుండా చెప్పు. ఏడిస్తే టైమైపోతుంది."

నిచ్చెన ముక్కు ఎగబీల్చి చెప్పింది. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర తనిఖీ. కెమెరాలు, సంచులు, జేబులు, చెప్పులు కూడా చూశారు. చూసిన ప్రతి సంచికీ 'తనిఖీ అయింది' అని స్టిక్కరు. పదకొండూ ఇరవైకి రాజుగారు మొదటి అంతస్తు వరండాలో నడిచారు. ఫొటోగ్రాఫర్లు పదిమంది ముందు నడిచారు. పదకొండూ ఇరవయ్యారుకి ఇద్దరు గార్డులు వచ్చి తన నడుం వెనక వేలాడే లెన్సు సంచీ విప్పారు. అందులో ఆపరేషన్ కత్తి ఉంది. బ్లేడు మీద మూత కూడా లేదు.

"ఎనిమిది నుంచీ ఆ సంచీ ఎక్కడైనా పెట్టావా?"

"లేదు. నడుంకే ఉంది."

"బాత్రూంకి పోయినప్పుడు?"

"నడుంకే ఉంది మావయ్యా. బెల్టుకి కుట్టేసి ఉంటుంది, తియ్యడానికి రాదు."

"నీ దగ్గరికి ఎవరైనా వచ్చారా? రాసుకున్నారా? తాకారా?"

"ఎవరూ తాకలేదు. ఒట్టు."

"విన్నావుగా గుమస్తా!" అన్న గొంతు గుమ్మంలోంచి వచ్చింది. "నేరం మీ మేనకోడలే ఒప్పుకుంటోంది. ఇంక నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

భద్రతాధికారి. పొద్దున ఐదింటికి వేసుకున్న యూనిఫాం మీద మధ్యాహ్నం రెండింటికీ ముడత ఉండదు. కోర్టు వరండాలో అతన్ని ఇస్త్రీ దొర అంటారు, వినబడకుండా. ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు. ముప్పై ఏళ్ళు ప్లీడరు వెనక ఫైళ్ళు మోసిన ఈ గుమస్తాయే అతని కేసులు మూడింటిని చీల్చి చెండాడాడు. కోర్టులో నోరు తెరిచింది ప్లీడరే, కానీ ఏం మాట్లాడాలో వెతికి తెచ్చింది మాత్రం గుమస్తా. ఆ సంగతి ఇస్త్రీ దొరకి తెలుసు. ఆ మూడు కేసుల మీద పగ ఇంకా అతని మొహంలోనే ఉంది.

"సార్, ఒక్క మాట," అన్నాడు గుమస్తా. "రాజుగార్ని పొడవడానికొచ్చినది, చుట్టూ పదిమంది కెమెరాలు పెట్టుకుని తిరుగుతుంటే, కత్తిని తన చెయ్యి అందని వీపు వెనక దాచుకుందా?"

"దాచుకుంది. దొరికింది. నాకు అంతే చాలు."

"ఆ సంచీలోనే చూడమని మీకు చెప్పిందెవరు?"

"సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లు బయటపెట్టం. మంచి పౌరుడు."

"పౌరుడు సరే. మీ పౌరుడికి ఆమె వీపు వెనక ఉన్నది ఎలా తెలిసింది?"

ఇస్త్రీ దొర వాచీ చూసుకున్నాడు. "రెండూ ఇరవై."

"ఆ కెమెరాలో బొమ్మలు చూడాలి. మీ ఎదురుగానే, మీరు పట్టుకుంటేనే. ముట్టుకోను."

"చూసుకో. చూసి ఏం పీకుతావు?"

సీలు వేసిన ప్లాస్టిక్ సంచిలోంచే కెమెరా తెర వెలిగించాడు ఇస్త్రీ దొర. వరండాలో తీసినవి పద్దెనిమిది బొమ్మలు. గుమస్తా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ముక్కు తెరకి ఆనించాడు. రాజు నడిచొస్తున్నాడు. తెల్ల కోటు, ఊపిన చెయ్యి. మళ్ళీ రాజు, మళ్ళీ చెయ్యి.

"వెనక్కి తిప్పండి. ఇంకోసారి."

"సినిమా అనుకున్నావా?"

"రాజుగారు ప్రతి బొమ్మలోనూ ఒకే సైజు ఉన్నారు సార్. చూడండి. కాళ్ళనుంచి తలదాకా సరిగ్గా ఈ అంచునుంచి ఆ అంచుదాకా. ఆయన ముందుకు నడుస్తున్నారు. ఇది నిలబడే ఉంటే బొమ్మబొమ్మకీ ఆయన పెరగాలి. పెరగలేదు. అంటే ఇదీ అంతే వేగంతో వెనక్కి నడుస్తోంది. పన్నెండో బొమ్మ ఒక్కటే పక్కకి ఒరిగింది. పద్నాలుగులో రాజుగారు పైన ఉన్నారు, ఇది కిందనుంచి తీసింది." గుమస్తా మేనకోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ వరండాలో మెట్లున్నాయి కదూ?"

"మూడు."

"కన్ను కెమెరాలో పెట్టుకుని, వీపు తిప్పకుండా, మూడు మెట్లు వెనక్కి ఎలా దిగావే?"

"పట్టుకున్నారుగా," అంది నిచ్చెన, నీళ్ళు తాగినంత మామూలుగా.

"ఎవరు?"

"ఎవరో..." అని ఆగిపోయింది. "మావయ్యా, అది... అది లెక్కలోకి రాదు."

"నేను లెక్కేసుకుంటాను. చెప్పు."

చెప్పింది. రాజుగారికి ఎవరూ వీపు చూపించకూడదని రాజభవనం వాళ్ళ రూలు. కాబట్టి ఫొటోలు తీసేవాళ్ళు ఆయన ముందు వెనక్కి వెనక్కే నడవాలి. కన్ను కెమెరాలో ఉంటుంది, వెనక గుమ్మం ఉందో గోడ ఉందో తెలీదు. అందుకని వెనకున్నవాడు నీ నడుం బెల్టు పట్టుకుంటాడు. తర్వాతి వరండాలో నువ్వు వాడి బెల్టు పట్టుకుంటావు. నిన్న నీ బొమ్మ దొంగిలించినవాడైనా సరే, పట్టుకుంటాడు. ఎవరని తిరిగి చూడరు. మాట్లాడకూడదు, టీవీ వాళ్ళ మైకుల్లో పడుతుంది. బెల్టు ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే మెట్లు.

"పన్నెండేళ్ళుగా ఇలాగే నడుస్తున్నాను. అది ఎవరో ఒక మనిషి నన్ను తాకడమని నాకు తోచనే లేదు. నా చెయ్యి నన్ను తాకిందని చెబుతానా?"

గుమస్తా కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. సంచీ బెల్టుకే ఉంది. బెల్టు మీద చెయ్యి వెయ్యడానికి రాజ్యం మొత్తమ్మీద ఒకే ఒక్కడికి హక్కుంది. ఆ ఒక్కణ్ణి తిరిగి చూడకూడదు.

"కథ బాగుంది," అన్నాడు ఇస్త్రీ దొర.

"అయితే నడిచి చూద్దాం రండి సార్. పై అంతస్తే. పిల్లని మీ గార్డులే పట్టుకురానివ్వండి. పారిపోతే నన్ను ఎక్కించుకోండి మీ వ్యాన్."

ఇస్త్రీ దొర ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఓడిపోతున్న గుమస్తాని చూడ్డం అతనికి నాలుగోసారికైనా కావాలి.

*

రెండూ ఇరవయ్యెనిమిది. మొదటి అంతస్తు వరండా. లిఫ్టు నుంచి మెట్లదాకా ముప్పయ్యొక్క అడుగులు. మూడు మెట్లు. మెట్ల పక్కనే ఎడం చేతి వైపు ఒక తలుపు, మీద 'పరికరాల గది' అని ఉంది.

గుమస్తా లిఫ్టు దగ్గర, దానివైపే మొహం పెట్టి నిలబడ్డాడు. "ఎవరైనా నా బెల్టు పట్టుకోండయ్యా. సార్, మీరు పట్టుకుంటారా?"

"నీ బెల్టా!"

"వద్దులెండి, చేతికి ముడతలు పడతాయి."

ఒక గార్డు నవ్వు దిగమింగుకుని వచ్చి పట్టుకున్నాడు. గుమస్తా రెండు చేతులూ కళ్ళముందు పెట్టుకుని వెనక్కి నడిచాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, పీతలా. ముప్పయ్యో అడుగు దగ్గర గార్డుకి కంగారు పుట్టి అరచెయ్యి అతని వీపు మీద అడ్డంగా ఆనించాడు. గుమస్తా తూలి గోడ పట్టుకున్నాడు.

"ఇదే!" అని అరిచింది నిచ్చెన. "మావయ్యా, ఇలాగే! పొద్దున ఇలాగే చేశాడు. రెండు లాగుళ్ళు రాలేదు. అరచెయ్యి పెట్టాడు. పడబోయాను, బొమ్మ ఒరిగిపోయింది. ఎవడో చచ్చినాడు నిద్రలో ఉన్నాడనుకున్నాను."

"మీవాళ్ళలో ఎవరైనా ఇలా చేస్తారా?"

"చేస్తే మర్నాడు వాణ్ణి ఎవడూ పట్టుకోడు. మొదటి రోజే నేర్చుకునే పని ఇది."

గుమస్తా చొక్కా దులుపుకున్నాడు. "విన్నారా సార్? పొద్దున దీని బెల్టు పట్టుకున్నవాడు ఫొటోగ్రాఫరు కాడు. మెడలో కెమెరా ఉంది, ఛాతీ మీద పాసుంది, పని మాత్రం రాదు. ఆ పాసు మీద సంతకం ఎవరిది?"

ఇస్త్రీ దొర పెదవులు బిగించాడు. ఈ ఆస్పత్రిలో ఇవాళ తిరిగే ప్రతి పాసు మీదా ఒకే సంతకం ఉంది. "కొత్తవాడై ఉంటాడు. కొత్తవాళ్ళుండరా? చెయ్యి ఎవడిదో చెప్పలేవు, మొహం చూడలేదంటుంది. దీన్ని పట్టుకుని నేను రాజరక్షణ కేసు వదిలెయ్యాలా?"

"వదలొద్దు. కత్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కున్నారా?"

"ఈ గదిలోదే. నర్సు సంతకం కూడా పెట్టింది. అంతా ఫైల్లో ఉంది."

గుమస్తా అప్పటికే పరికరాల గది తలుపు కొడుతున్నాడు.

తీసినావిడ ఆపరేషన్ థియేటరు పెద్ద నర్సు. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. మొహంలో పొద్దుటి నుంచీ పేరుకున్న కోపం ఉంది.

"మళ్ళీ ఏంటి? ఒకసారి చెప్పాను కదా."

"నాకు చెప్పలేదు సిస్టర్. మీరు కత్తులు లెక్కపెడతారా?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "లెక్కపెట్టకపోతే మనిషి కడుపులో పెట్టి కుట్టేస్తాం బాబూ. ఆపరేషన్‌కి ముందొకసారి, తర్వాతొకసారి, ఇద్దరం కలిసి పైకి లెక్కపెడతాం. పొద్దున ఎనిమిదిన్నరకి ట్రేలో పన్నెండు. మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే పది."



"పది," అన్నాడు గుమస్తా.

"పది. రెండు పోయాయి."

"మా వాళ్ళు వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అని ఇస్త్రీ దొర ముందుకు దూకాడు.

"అడిగారా మీరు?" ఆవిడ గొంతు అతనికన్నా పైకి లేచింది. "కత్తి ఒకటి చూపించి 'ఇది ఇక్కడిదేనా' అన్నారు. అవునన్నాను. ఇంకోటి కూడా అనబోతే 'అడిగిందానికే జవాబు చెప్పు' అన్నాడు మీ వాడు. సంతకం పెట్టించుకుని పోయాడు. పదిన్నరనించీ మమ్మల్నందర్నీ వార్డులో వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. తలుపులకి తాళాలు వెయ్యొద్దన్నారు, అదీ మీ ఆర్డరే. గంటసేపు ఈ గదిలో పురుగు కూడా లేదు. పోయినవి రెండేనని సంతోషించండి."

ఇస్త్రీ దొర మెడ మీద చెమట కాలరులోకి దిగింది. ఇవాళ అది మొదటి ముడత.

గుమస్తా ఆ సంగతి చూసి ఆనందించేంత తీరిక లేక మేనకోడలి ముందు మోకాళ్ళ మీద వంగాడు. దాని భుజాలు రెండూ పట్టుకున్నాడు.

"అమ్మాయ్, బాగా ఆలోచించు. నీ సంచీలో పెట్టిన కత్తి రాజు కోసం కాదు, దొరకడం కోసం. నిన్ను ఇక్కణ్ణుంచి లేపెయ్యడం కోసం. పదిమందిలో నిన్నే ఎందుకు? మిగతా తొమ్మిదిమందికి లేనిది ఇవాళ నీకేముంది?"

"నాకేముంటుంది మావయ్యా, పాత కెమెరా, పొట్టి కాళ్ళు..." అని ఆగింది. తలెత్తి పైకప్పు వైపు చూసి అంది: "పైగది."

"ఏ పైగది?"

"నాలుగో అంతస్తులో చివరి గది. రాజుగార్ని చిన్నప్పుడు పెంచిన దాది ఉంది అక్కడ, మంచం మీద. భోజనమయ్యాక ఆయన ఆమెని చూడ్డానికి వెళ్తారు. గది చిన్నది, ఒక్క ఫొటోగ్రాఫరే పడతారు. తీసిన బొమ్మలు అందరం పంచుకోవాలి. పొద్దున చీటీలు తీశారు. మొదటి పేరు నాది."

"నువ్వు లేకపోతే?"

"రెండో చీటీ."

గుమస్తా లేచాడు. "సార్, ఆ గదిలో గార్డులు ఎంతమంది ఉంటారు?"

"ఎవరూ ఉండరు. అమ్మలాంటి ఆమె దగ్గరికి తుపాకులతో వెళ్ళనన్నారు రాజుగారు. గుమ్మం బయట ఇద్దరు."

"రెండో చీటీవాణ్ణి మళ్ళీ తనిఖీ చేస్తారా?"

"స్టిక్కరున్నవాళ్ళని మళ్ళీ చూడొద్దని..." ఎవరి ఆర్డరో అడగక్కర్లేదు.

"ఆఖరి ప్రశ్న. మీ మంచి పౌరుడు ఎవరు?"

ఇస్త్రీ దొర మెట్లవైపు పరిగెత్తాడు. రెండూ నలభై ఆరు.

*

లిఫ్టు రాజుగారి కోసం పైన ఆపేసి ఉంది. మూడు అంతస్తులూ ఎక్కాల్సిందే. ఇస్త్రీ దొర చేతిలో కెమెరా ఉన్న సీలు సంచీ అలాగే ఉంది, వెనకే గుమస్తా, గార్డుల మధ్య నిచ్చెన. రెండో అంతస్తు దాటాక గుమస్తా గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలెట్టింది. అయినా బుర్ర ఆగలేదు. ఆ రెండో కత్తి గనక లోపల దిగిందా, కోర్టులో ఇస్త్రీ దొర ఏం చెబుతాడో అతనికి మాటకి మాట తెలుసు. ఇద్దరు కలిసి కత్తులు తెచ్చారు, ఒకతె దొరికింది, ఒకడు పని పూర్తి చేశాడు. అప్పుడు తొంభై రోజులు కాదు, ఉరే. రాజుగారు బతికితేనే పిల్ల బతుకుతుంది. జన్మలో మొదటిసారి గుమస్తా ఒక రాజు క్షేమం కోరుకున్నాడు. కోరుకోవాల్సి వచ్చినందుకు నోట్లో చేదు పుట్టింది.

చివరి గది. తలుపు మూసి ఉంది. బయట ఇద్దరు గార్డులు నిటారుగా నిలబడ్డారు.

"లోపల ఎవరెవరు?" అన్నాడు ఇస్త్రీ దొర, గుసగుసగా.

"రాజుగారు, ముసలావిడ, ఫొటోగ్రాఫరు సార్. ఐదు నిమిషాలైంది. ఎవరూ రాకుండా గడియ పెట్టుకోమన్నారు రాజుగారు."

లోపల్నుంచి ముసలి గొంతు ఏదో అంది. మగ గొంతు నవ్వింది. ఇస్త్రీ దొర తుపాకీ తీసి భుజం తలుపుకి ఆనించబోయాడు. గుమస్తా అతని చొక్కా పట్టి లాగాడు. ఇస్త్రీ చెడింది.

"పగలగొట్టడానికి మూడు దెబ్బలు పడతాయి. వాడికి ఒక్కటి చాలు."

"మరి ఏం చెయ్యమంటావు?"

నిచ్చెన తలుపుకి చెవి పెట్టి వింటోంది. "ఒక్క క్లిక్ కూడా రావట్లేదు," అంది. "ఐదు నిమిషాల్లో మేం వంద తీస్తాం. వీడు ఒక్కటీ తియ్యలేదు. రాజుగారు నవ్వుతున్నారు, ముసలావిడ చెయ్యి పట్టుకుని ఉంటారు, అలాంటి బొమ్మ కోసం మేం ఒకళ్ళనొకళ్ళం తొక్కుకుంటాం." చెయ్యి చాచింది. "నా కెమెరా ఇవ్వండి."

"ఏంటీ?"

"ఫొటోగ్రాఫరు బ్యాటరీ కోసం తలుపు కొడితే ఎవరూ ఉలిక్కిపడరు. తీస్తే మీరు తోసెయ్యండి. ఇవ్వండి సార్, టైం లేదు."

ఇస్త్రీ దొర ఆ ప్లాస్టిక్ సంచీ వైపు చూశాడు. దాని మీద సీలు, సీలు మీద తన సంతకం. పళ్ళతో చించి కెమెరా ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వొద్దు," అన్నాడు గుమస్తా. "వాడికి నీ మొహం తెలుసు. మీ అమ్మకి నేనేం చెప్పనే?"

"వ్యాన్ ఎక్కిందని చెప్పడం కన్నా నయమేలే మావయ్యా." పట్టీ మెడలో వేసుకుని తలుపు మీద వేలితో మూడుసార్లు తట్టింది. "సార్! బ్యాటరీ తెచ్చాను!"

లోపల నవ్వు ఆగింది. అడుగులు. గడియ జారింది. తలుపు జానెడు తెరుచుకుంది.

ఆ సందులోంచి గుమస్తాకి రాజుగారి వీపు కనబడింది. బతికే ఉన్నాడు, మంచం మీదికి వంగి ఉన్నాడు. తలుపు తీసినవాడి మెడలో కెమెరా లేదు. ఎడం చెయ్యి తలుపు మీద ఉంది. కుడి చెయ్యి రాజుగారి మెడకి బారెడు దూరంలో కిందికి వేలాడుతోంది, వేళ్ళ మధ్య సన్నని మెరుపు.

తొయ్యాల్సిన ఇస్త్రీ దొర ఆ మెరుపు చూసి బిగుసుకుపోయాడు. అర క్షణమే. వాడికి అంత చాలింది. నిచ్చెన మొహం చూసి, అసలు ఆశ్చర్యపోకుండా, ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపు మూశాడు. గడియ పడింది.

"కొట్టండ్రా!" అని అరిచాడు ఇస్త్రీ దొర.

మొదటి భుజం తలుపుని తాకింది. ఆ దెబ్బల సందులో గుమస్తాకి లోపల్నుంచి వినబడింది. క్లిక్. క్లిక్. క్లిక్. పిల్ల వాడి మొహం తీస్తోంది. లోపల చావొచ్చినా సాక్ష్యం మాత్రం బయటికి రావాలని వరసగా నొక్కుతోంది.

గుమస్తా ఏడు లెక్కపెట్టాడు. ఎనిమిదోది రాలేదు.